పిడుదు కరిచాక ఏ టెస్టు, ఏ రోజున చేయించాలి?

విశాఖలో కుక్కను పెంచేవాళ్ళకి పిడుదుల గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. మనకి గట్టి చలికాలమే లేదు, సముద్రపు గాలితో తేమ ఏడాదంతా ఉంటుంది, అందుకే ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్లో ఉన్నా, గాజువాకలో పెరడున్న ఇంట్లో ఉన్నా, పొద్దున్నే ముడసర్లోవ వైపు నడకకి తీసుకెళ్ళినా ఏదో ఒక రోజు చెవి మడతలోనో కాలివేళ్ళ సందులోనో ఒకటి చేతికి తగులుతుంది. తగిలాక ఏం చేస్తారన్నదే నా బెంగ. కొందరు పీకి పారేసి ఆ సంగతే మర్చిపోతారు. కొందరు ఆ పిడుదునే డబ్బాలో వేసుకొచ్చి "దీన్ని చూసి మా కుక్కకి జబ్బుందో లేదో చెప్పండి" అంటారు. ఇంకొందరు కుక్క తిండి మానేసిన తర్వాత ఇంట్లో మిగిలిన మాత్రలు రెండు రోజులు వేసి చూసి, తగ్గకపోతే అప్పుడు రక్తం ఇప్పించడానికి వస్తారు.

నేను పెంపుడు జంతువుల రక్త పరీక్షలు చేసే ల్యాబ్‌లో పనిచేస్తాను. టెస్టు మంచిదే అయినా తప్పు రోజున చేయించడం వల్ల జబ్బు దొరక్కుండా పోయిన కేసులు కళ్ళముందే చూస్తుంటాం. ఖర్చు పెట్టారు, రిపోర్టు నెగెటివ్ వచ్చింది, ఊపిరి పీల్చుకున్నారు, నాలుగు నెలలకి అదే కుక్క ముక్కులోంచి రక్తం కారుతూ వచ్చింది. అందుకే ఇదంతా రాస్తున్నాను. పిడుదులు మోసుకొచ్చే బ్యాక్టీరియాను పట్టుకోవడంలో ఏ టెస్టు అన్నది ఎంత ముఖ్యమో, ఏ రోజున అన్నది అంతకంటే ముఖ్యం. ఒక టెస్టు మొదటి వారంలో పనికొస్తుంది, మూడో వారంలో దానికి బదులు ఇంకొకటి పనికొస్తుంది, కొన్ని నెలల తర్వాత రెండూ తికమకపెట్టొచ్చు.

పిడుదును తీయడం

ముందు దీన్ని సరిగ్గా చేయండి, ఎందుకంటే ఇక్కడ చేసే పొరపాటు తర్వాత సరిదిద్దుకోలేం. సన్నటి మొన ఉన్న ప్లక్కర్ తీసుకుని, పిడుదు పొట్టను కాకుండా, చర్మానికి ఆనుకుని ఉన్న దాని మూతి భాగాన్ని పట్టుకోండి. నెమ్మదిగా, తిప్పకుండా, నిటారుగా పైకి లాగండి. రక్తం తాగి ఆముదం గింజలా ఉబ్బినదాన్ని వేళ్ళతో నొక్కి తీస్తే లోపలి ద్రవం బయటికొస్తుంది, అది మీ గోటి పక్కన చిన్న గాయంలోకి వెళ్ళినా ప్రమాదమే. కిరసనాయిలు పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం, గోళ్ళరంగు పూయడం, ఇవన్నీ మానేయండి, అవి దాన్ని ఊడిరానివ్వవు సరికదా అది తాగింది గాయంలోకి కక్కే అవకాశం పెరుగుతుంది. తీసిన చోట సబ్బుతోనో డెటాల్‌తోనో కడిగి, మీ చేతులు కూడా కడుక్కోండి. నేలమీద వేసి చెప్పుతో తొక్కకండి.

ఎంత తొందరగా తీస్తే అంత మంచిది. "ఒక రోజు ఉంటే ఏమవుతుంది" అనుకునేవాళ్ళకి ఒక్క మాట: కుక్కల్లో మనం ఎక్కువగా చూసే ఎర్లీషియా కేనిస్ అనే బ్యాక్టీరియా, పిడుదు అంటుకున్న కొన్ని గంటల్లోనే కుక్క రక్తంలోకి చేరగలదు. కాబట్టి సాయంత్రం ఇంటికొచ్చాక వెతకడం రోజూ అలవాటుగా ఉండాలి. చెవి లోపలి మడతలు, మెడ పట్టీ కింద, చంకలు, కాలివేళ్ళ మధ్య, తోక మొదలు. ఆరు కాళ్ళున్న పిల్ల పిడుదు ఆవగింజ కంటే చిన్నగా ఉంటుంది, కంటికి ఆనదు, వేళ్ళతో వెంట్రుకలకి ఎదురు నిమిరితేనే తెలుస్తుంది.

తీసిన తేదీని ఫోన్‌లో రాసుకోండి. ఈ తేదీతోనే తర్వాత మొత్తం లెక్క నడుస్తుంది.

ఆ పిడుదును టెస్ట్ చేయించాలా?

ఎక్కువమంది అడిగేది ఇదే. మీ కుక్కకో మీకో వైద్యం చేయాలా వద్దా అని తేల్చుకోవడానికైతే వద్దు. పిడుదులో బ్యాక్టీరియా దొరికినంత మాత్రాన అది కుక్కలోకి దిగిందని కాదు. దొరకకపోతే కుక్క క్షేమమనీ కాదు, ఎందుకంటే మీకు దొరికింది ఒకటే, దొరక్కుండా రక్తం తాగి రాలిపోయినవి ఎన్నో తెలీదు. ఇంకో చిక్కు కూడా ఉంది. రక్తం తాగి ఉబ్బిన పిడుదు కడుపులో ఉన్నది మీ కుక్క రక్తమే, అందులో బ్యాక్టీరియా కనిపిస్తే అది పిడుదు తెచ్చిందా, కుక్కలో ముందే ఉన్నదా అన్నది చెప్పలేం.

అయినా దాచిపెట్టండి, అందులో నష్టమేమీ లేదు. ఏ జాతి పిడుదో చూడటానికి డాక్టర్‌కి పనికొస్తుంది. చిన్న మూతగట్టి సీసాలో మెడికల్ షాపులో దొరికే స్పిరిట్ పోసి అందులో వేయండి, లేదంటే జిప్ కవర్లో వేసి ఫ్రీజర్‌లో పెట్టండి. ఫార్మలిన్‌లో మాత్రం వేయకండి, అది డీఎన్‌ఏను పాడుచేస్తుంది, తర్వాత పీసీఆర్ (బ్యాక్టీరియా డీఎన్‌ఏను వెతికే టెస్టు) చేయాలన్నా పని జరగదు. సీసా లోపల ఒక చిన్న కాగితం ముక్క మీద తేదీ, ఏ జంతువు, ఒంట్లో ఏ చోట, ఏ ప్రాంతం అన్నవి పెన్సిల్‌తో రాసి వేయండి. పెన్నుతో రాస్తే స్పిరిట్‌లో సిరా కరిగి కాగితం తెల్లగా మిగులుతుంది, అప్పుడా పిడుదు ఎక్కడిదో ఎవరూ చెప్పలేరు.

పిడుదుల్లోనే బ్యాక్టీరియాను వెతకాల్సినవాళ్ళు వేరే ఉన్నారు, మైక్రోబయాలజీ, జువాలజీ, వెటర్నరీ విద్యార్థులు, ఒక ప్రాంతంలో ఏ జబ్బు తిరుగుతోందో తెలుసుకోవాలనుకునేవాళ్ళు. వాళ్ళ కోసం కొంచెం వివరంగా చెప్తాను, మిగతావాళ్ళు ఈ రెండు పేరాలు దాటేయొచ్చు. పిడుదును ముందు సూక్ష్మదర్శిని కింద పెట్టి జాతి గుర్తించండి, ఒకసారి ముక్కలు చేశాక ఆ పని కుదరదు. తర్వాత పైన అంటుకున్న మట్టి, చర్మం మీది బ్యాక్టీరియా పోయేలా ఆల్కహాల్‌తో, పలచని బ్లీచ్ ద్రావణంతో కడిగి, శుభ్రమైన నీళ్ళతో మళ్ళీ మళ్ళీ కడగండి. ఈ కడగడం తొందరలో వదిలేస్తే వచ్చే ఫలితం పిడుదుదో, దాని ఒంటిమీది దుమ్ముదో తెలీదు. అప్పుడు కోసి, ప్రోటీనేజ్-కే ఎంజైమ్‌లో నానబెట్టి డీఎన్‌ఏ తీస్తారు. పీసీఆర్‌లో ఎర్లీషియా, అనాప్లాస్మాలకి 16ఎస్ జన్యువును, రికెట్సియాకి జీఎల్‌టీఏ, ఓంప్-ఏ లాంటి జన్యువులను వెతుకుతారు. ప్రతి రన్‌లోనూ ఉత్త నీళ్ళు పెట్టిన ట్యూబు ఒకటి, బ్యాక్టీరియా ఉందని ముందే తెలిసిన ట్యూబు ఒకటి ఉండాలి. వాటితోపాటు పిడుదు సొంత డీఎన్‌ఏ వస్తోందో లేదో చూసే ట్యూబు కూడా పెట్టండి. చాలామంది దీన్ని వదిలేస్తారు. పిడుదు డీఎన్‌ఏ కూడా రాకపోతే మీ నెగెటివ్‌కి విలువ లేదు, రక్తంలోని హీమ్ పీసీఆర్‌ను అడ్డుకుని ఉండొచ్చు, డీఎన్‌ఏ తీయడమే విఫలమై ఉండొచ్చు.

గెల్ మీద గీత కనిపించగానే సంబరపడకండి, సీక్వెన్సింగ్‌కి పంపండి. కుక్కల గోధుమరంగు పిడుదులో పుట్టుకతోనే ఉండే, క్యూ ఫీవర్ బ్యాక్టీరియా కాక్సియెల్లాకి దగ్గరి చుట్టమైన ఒక బ్యాక్టీరియా ఉంటుంది. అది పిడుదుకి కావాల్సిన విటమిన్లు చేసిపెట్టే సహవాసి. దాన్ని చూసి విశాఖ కుక్కల్లో క్యూ ఫీవర్ ఉందని రాసేస్తే అది తప్పుడు వార్త అవుతుంది, జనం భయపడి కుక్కల్ని వీధిలో వదిలేసే వార్త అవుతుంది.

మనం వెతికేది ఎవర్ని?

మన కుక్కల మీద కనిపించేది ఎక్కువగా గోధుమరంగు పిడుదు, రైపీసెఫాలస్ సాంగ్వీనియస్. ఇది అడవి కోసం చూడదు, ఇంట్లోనే గోడ పగుళ్ళలో, తలుపు చట్రాల వెనక, కుక్క పడుకునే గోనె కింద కాపురం పెడుతుంది. పిల్లగా, కుర్రదిగా, పెద్దదిగా మూడు దశల్లో మూడుసార్లు ఎక్కి రక్తం తాగి, మధ్యలో దిగిపోతుంది. ఒక దశలో తాగిన రక్తంతో వచ్చిన ఎర్లీషియా కేనిస్‌ను తర్వాతి దశకి మోసుకెళ్ళి కొత్త కుక్కకి ఎక్కిస్తుంది. గుడ్లలోకి మాత్రం అది దిగదు, అంటే అప్పుడే పొదిగిన పిల్ల పిడుదులో ఎర్లీషియా ఉండదు, జబ్బున్న కుక్క రక్తం తాగిన తర్వాతే అది ప్రమాదకరం.

ఎర్లీషియా కేనిస్‌ను మొదట 1935లో అల్జీరియాలో గుర్తించారు. ఇది తెల్ల రక్తకణాల్లో మోనోసైట్ల లోపల పెరుగుతుంది. దీనికి తోడు అనాప్లాస్మా ప్లాటిస్ అనేది ప్లేట్‌లెట్లలోనే కూర్చుంటుంది, దీంతో ప్లేట్‌లెట్లు ఒకసారి పడిపోయి, మళ్ళీ పెరిగి, మళ్ళీ పడిపోతుంటాయి, పది పదిహేను రోజులకోసారి. అందుకే ఒక్కరోజు కౌంట్ బాగుందని ఆగిపోకూడదు.

ఇవి రెండూ కణం లోపల మాత్రమే బతుకుతాయి, అందుకే మామూలు కల్చర్‌లో పెరగవు. "బ్లడ్ కల్చర్ చేయించాం, ఏమీ రాలేదు" అనే మాట విన్నప్పుడల్లా ఇది చెప్తుంటాను, ఆ టెస్టులో ఇవి దొరికే అవకాశమే లేదు.

బాబీసియా, హెపటోజూన్ కూడా ఇవే పిడుదులతో వస్తాయి కానీ అవి బ్యాక్టీరియా కాదు, పరాన్నజీవులు, వాటికి మందు వేరు. ఒకే కుక్కలో రెండు మూడు కలిసి ఉండటం అరుదేమీ కాదు. ఎర్లీషియాకి మందు వాడుతున్నా మూత్రం ముదురు రంగులో వస్తూ చిగుళ్ళు పాలిపోతుంటే డాక్టర్‌ గారిని బాబీసియా సంగతి అడగండి.

రోజుల లెక్క

పిడుదు కరిచిన తర్వాత ఎర్లీషియా లక్షణాలు బయటపడటానికి సుమారు 8 నుంచి 20 రోజులు పడుతుంది. అప్పుడు జ్వరం, నీరసం, తిండి మానేయడం, మెడ కింద, మోకాలి వెనక గడ్డలు తగలడం, పొట్ట చర్మం మీద ఎర్రటి చుక్కలు. పై పెదవి ఎత్తి చిగుళ్ళు చూడండి, అక్కడా సన్నటి ఎర్ర చుక్కలు కనిపించొచ్చు. ఈ దశ రెండు నుంచి నాలుగు వారాలు ఉంటుంది, ఒక్కోసారి మందు లేకుండానే తగ్గినట్టు కనిపిస్తుంది. ఇదే మోసం. బ్యాక్టీరియా ప్లీహంలో దాక్కుని నెలలు, ఏళ్ళు కూడా గడపగలదు, బయటికి కుక్క మామూలుగానే ఉంటుంది. చివరికి కొన్ని కుక్కల్లో ఎముక మజ్జ దెబ్బతిని రక్తకణాలన్నీ తగ్గిపోయే దశ వస్తుంది, అక్కడినుంచి వెనక్కి తీసుకురావడం చాలా కష్టం. జర్మన్ షెపర్డ్‌లలో ఇది మరీ తీవ్రంగా వస్తుంది, ఆ జాతి పెంచేవాళ్ళు అస్సలు ఆలస్యం చేయొద్దు.

ఇప్పుడు టెస్టుల విషయం.

జ్వరం మొదలైన మొదటి రోజుల్లో చేయించాల్సినవి రెండు: సీబీసీ (రక్తకణాల లెక్క), దాంతోపాటు రక్తం స్లైడ్. మెషిన్ ఇచ్చిన ప్లేట్‌లెట్ కౌంట్ ఒక్కటే నమ్మకండి. రక్తం తీసేటప్పుడు ఆలస్యమైతే ప్లేట్‌లెట్లు ముద్దకట్టి మెషిన్ వాటిని లెక్కపెట్టలేదు, కౌంట్ లేనిపోని విధంగా తక్కువ చూపిస్తుంది. "స్లైడ్ మీద ముద్దలు ఉన్నాయేమో చూశారా?" అని అడగండి, అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

స్లైడ్‌లో మేము వెతికేది మోనోసైట్ లోపల ఊదారంగులో కనిపించే చుక్కల గుంపు. స్లైడ్ చివర పలచగా ఈకలా సాగిన అంచు ఉంటుంది, పెద్ద కణాలు అక్కడికి కొట్టుకుపోయి చేరతాయి కాబట్టి ముందు ఆ అంచునే చూస్తాం. చెవి అంచున సూదితో గుచ్చి తీసిన మొదటి రక్తపు బొట్టుతో స్లైడ్ చేస్తే దొరికే అవకాశం కొంచెం పెరుగుతుంది. అయినా ఒప్పుకోవాల్సిన విషయం ఏంటంటే, జబ్బు ఉన్న కుక్కల్లో కూడా ఈ గుంపులు కనిపించేది చాలా తక్కువ సార్లే. కనిపిస్తే రోగం తేలిపోయినట్టే, కనిపించకపోతే ఏమీ తేలనట్టే. రంగు మరకలు, ఎర్ర కణం మీద పడుకున్న ప్లేట్‌లెట్ చూసి పరాన్నజీవి అని పొరబడటం కూడా జరుగుతుంది, అలవాటున్న కన్ను చూడాలి.

అదే మొదటి వారంలో నిజంగా పనికొచ్చేది పీసీఆర్. ఎర్లీషియా సోకిన 4 నుంచి 10 రోజుల్లోనే రక్తంలో దాని డీఎన్‌ఏను పట్టుకోగలదు. ఊళ్ళో అన్ని క్లినిక్‌లలోనూ ఉండదు, శాంపిల్ బయటికి పంపాల్సి రావచ్చు, రిపోర్టుకి కొన్ని రోజులు పడుతుంది.

క్లినిక్‌లో పది నిమిషాల్లో చేసే కిట్ టెస్టు ఉంది కదా, దాంట్లో ఎక్కువ రకాలు చూసేది బ్యాక్టీరియాను కాదు, దాని మీద కుక్క ఒంట్లో తయారైన యాంటీబాడీలను. అవి తయారవ్వడానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు. జ్వరం వచ్చిన రెండో రోజున కిట్ పెట్టించి నెగెటివ్ వచ్చిందని ఇంటికెళ్ళిపోతే ఎంత ప్రమాదమో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది. అనుమానం గట్టిగా ఉంటే రెండు వారాలాగి మళ్ళీ పెట్టించండి. అదే వేరే కోణంలో చూస్తే, ఎప్పుడో వచ్చి తగ్గిపోయిన జబ్బుకి కూడా యాంటీబాడీలు నెలలు, ఏళ్ళు నిలిచి ఉంటాయి. వీధినుంచి తెచ్చుకున్న కుక్కకి కిట్ పాజిటివ్ వచ్చిందంటే అది ఇప్పటి జబ్బో, పాతదో కిట్ చెప్పదు. ప్లేట్‌లెట్లు ఎలా ఉన్నాయి, ఒంట్లో నలతగా ఉందా, పీసీఆర్ ఏమంటోంది, ఇవి కలిపి చూసి డాక్టర్ తేల్చాలి.

దాక్కున్న దశలో మామూలు రక్తం పీసీఆర్ కూడా తప్పిపోవచ్చు. అప్పుడు ప్లీహంనుంచో ఎముక మజ్జనుంచో నమూనా తీసే అవసరం పడుతుంది, అది అనుభవమున్న పశువైద్యులు మాత్రమే చేసే పని.

రక్తం ఇచ్చేటప్పుడు

మందు మొదలుపెట్టకముందే రక్తం తీయించండి. ఈ గైడ్‌లో ఒక్క ముక్కే గుర్తుంచుకుంటారంటే ఇదే గుర్తుంచుకోండి. ఎర్లీషియాకి ఇచ్చే యాంటీబయాటిక్ డాక్సీసైక్లిన్ రెండు మూడు డోసులు పడ్డాక రక్తంలో బ్యాక్టీరియా తగ్గిపోయి పీసీఆర్ నెగెటివ్ రావచ్చు, జబ్బు లోపల ఉండిపోవచ్చు. అలాగని రిపోర్టు వచ్చేదాకా మందు ఆపమని కాదు. పొద్దున్న రక్తం తీసి, ఆ సాయంత్రమే డాక్టర్ చెప్పిన మందు మొదలుపెట్టొచ్చు.

ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ ట్యూబు సీబీసీకి, స్లైడ్‌కి, పీసీఆర్‌కి. యాంటీబాడీ టెస్టుకి సీరం కావాలి కాబట్టి ఎర్ర మూతో పసుపు మూతో ఉన్న ట్యూబు. ఊదారంగు ట్యూబులో రక్తం పడగానే నెమ్మదిగా ఎనిమిది పదిసార్లు తలకిందులు చేయాలి, గిలక్కొట్టకూడదు. పంపడం ఆలస్యమైతే ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టండి, సీబీసీ ట్యూబును ఫ్రీజర్‌లో పెడితే కణాలు పగిలిపోతాయి. మే నెలలో మద్దిలపాలెంనుంచి కొరియర్ చేసేటప్పుడు ఐస్ ప్యాక్ లేకుండా కవర్లో పెట్టి పంపితే అటువైపు చేరేది పనికిరాని రక్తమే.

చీటీ మీద కుక్క పేరు, వయసు ఒక్కటే కాదు, పిడుదు తీసిన తేదీ, జ్వరం మొదలైన తేదీ, ఏ మందు ఎన్ని డోసులు పడిందీ రాయండి. ఆ మూడు వివరాలు లేకపోతే ల్యాబ్‌లో మేము రిపోర్టు ఇవ్వగలం, దాని అర్థం మాత్రం చెప్పలేం.

మందు సాధారణంగా నాలుగు వారాలు నడుస్తుంది. మూడో రోజుకే కుక్క లేచి తిరుగుతుంది, అప్పుడే చాలామంది ఆపేస్తారు, దయచేసి ఆపకండి. కోర్సు అయ్యాక తగ్గిందో లేదో చూడటానికి కిట్ టెస్టు పెట్టించొద్దు, అది పాజిటివ్‌గానే ఉంటుంది, మీకు ఉత్త టెన్షన్ మిగులుతుంది. ప్లేట్‌లెట్ కౌంట్, కొన్ని వారాలాగి పీసీఆర్, ఇవి చూడాలి. మీ కుక్క ఇంకో కుక్కకి రక్తదానం చేసే అవకాశం ఉంటే దానికి ముందు ఈ టెస్టులన్నీ తప్పనిసరి, ఎర్లీషియా రక్తమార్పిడితో కూడా వెళ్తుంది.

ఇంట్లో మనుషులకి జ్వరం వస్తే

కుక్కనుంచి మనిషికి ఎర్లీషియా నేరుగా అంటుకోదు, ముట్టుకుంటే, నాకితే రాదు. పిడుదు మనిషిని కరిస్తే రాగలిగింది భారత టిక్ టైఫస్, దీనికి కారణం రికెట్సియా కొనోరీ. దీనితోపాటే చెప్పుకోవాల్సింది స్క్రబ్ టైఫస్. అది పిడుదుతో రాదు, పొదల్లో, గడ్డిలో ఉండే చిగ్గర్ అనే అతి చిన్న పురుగు పిల్లతో వస్తుంది, కారణం ఓరియెంటియా సుత్సుగముషి. రెండింటికీ వైద్యం దాదాపు ఒకటే. అరకు, పాడేరు వెళ్ళొచ్చినవాళ్ళు, కంబాలకొండ పక్కన పొదల్లో తిరిగినవాళ్ళు, జీడితోటల్లో పనిచేసేవాళ్ళు, పెరట్లో గడ్డి కోసేవాళ్ళు, ఎవరికైనా రావచ్చు.

వానాకాలంలో మన ఊళ్ళో జ్వరం, తలనొప్పి, ప్లేట్‌లెట్లు తగ్గడం అనగానే డెంగీ అనుకుంటారు. డెంగీ, మలేరియా టెస్టులు చేయించాల్సిందే. అవి నెగెటివ్ వచ్చి జ్వరం అయిదు రోజులు దాటితే డాక్టర్‌తో "పిడుదు కరిచింది" అనో "పొదల్లో తిరిగాను" అనో మీరే చెప్పండి, వాళ్ళు అడిగేదాకా ఆగొద్దు. ఒంటిమీద నల్లటి పెచ్చు ఉందేమో వెతకండి, చుట్టూ ఎర్రగా, నొప్పి లేకుండా ఉంటుంది, అందుకే మనిషికే తెలీదు. చంకలు, గజ్జలు, రొమ్ము కింద, నడుము పట్టీ దగ్గర, చెవి వెనక, పిల్లల్లో తలలో జుట్టు మధ్య. స్క్రబ్ టైఫస్‌లో ఇది కనిపిస్తే సగం పని అయిపోయినట్టే, కనిపించకపోయినా జబ్బు లేదని కాదు. టిక్ టైఫస్‌లో అరచేతులు, అరికాళ్ళ మీద కూడా ఎర్రటి దద్దుర్లు వస్తాయి.

మనుషుల్లోనూ రోజుల లెక్కే. మొదటి వారంలో పీసీఆర్, పెచ్చు ఉంటే ఆ పెచ్చునుంచి తీసిన నమూనాతో ఇంకా బాగా దొరుకుతుంది. యాంటీబాడీలను చూసే ఐజీఎం ఎలైజా టెస్టు వారం దగ్గరపడుతుండగా పాజిటివ్ అవడం మొదలవుతుంది, మూడో రోజున చేయిస్తే నెగెటివ్ రావడం సహజం. పాత వెయిల్-ఫెలిక్స్ టెస్టు 1916నుంచీ ఉంది, ప్రోటియస్ బ్యాక్టీరియాతో చేస్తారు. ఆ ప్రోటియస్ రకాల్లో ఓఎక్స్-కే మీద యాంటీబాడీలు పెరిగితే స్క్రబ్ టైఫస్ వైపు, ఓఎక్స్-19, ఓఎక్స్-2 పెరిగితే టిక్ టైఫస్ వైపు అనుమానించాలి. చవక, చాలాచోట్ల దొరుకుతుంది, కానీ చాలా కేసుల్ని వదిలేస్తుంది, నెగెటివ్ వచ్చిందని దాని మీద భరోసా పెట్టుకోకూడదు. కచ్చితంగా తేల్చాలంటే రెండు నుంచి నాలుగు వారాల తేడాతో రెండుసార్లు రక్తం తీసి, యాంటీబాడీ మోతాదు నాలుగింతలు పెరిగిందా అని చూస్తారు. అది వైద్యానికి కాదు, రికార్డుకి, అప్పటిదాకా రోగి ఆగలేడు. ఎలైజా, పీసీఆర్ ఎక్కడ చేస్తారో తెలియకపోతే, ఆంధ్ర మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న కింగ్ జార్జ్ ఆసుపత్రి, అంటే కేజీహెచ్‌లో అడగడం మంచిది.

టైఫాయిడ్ అనుకుని వేసే సెఫ్ట్రియాక్సోన్ లాంటి ఇంజెక్షన్లు రికెట్సియా మీద, ఓరియెంటియా మీద పనిచేయవు. డాక్సీసైక్లిన్ పడితే ఎక్కువమందిలో రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. గర్భిణులకి సాధారణంగా అజిత్రోమైసిన్ ఇస్తారు. ఇవి మీ అంతట మీరు కొని వేసుకునేవి కాదు, డాక్టర్‌తో మాట్లాడేటప్పుడు తెలిసి ఉండాల్సినవి. అనుమానం బలంగా ఉంటే మంచి డాక్టర్ రిపోర్టు కోసం చూడకుండా మందు మొదలుపెడతారు, అది తొందరపాటు కాదు, సరైన వైద్యమే. ఆయాసం, మగతగా ఉండటం, మూత్రం తగ్గడం, కళ్ళు పచ్చబడటం కనిపిస్తే ఆసుపత్రిలో చేర్చాల్సిందే.

ఆవులున్నవాళ్ళకి

భీమిలి వైపు, ఆనందపురం వైపు పాడి ఉన్నవాళ్ళకి క్లుప్తంగా. సంకరజాతి ఆవుకి జ్వరం, పాలు ఒక్కసారిగా తగ్గడం, కనురెప్పల లోపల పాలిపోవడం కనిపిస్తే రక్తం స్లైడ్ తీయించండి. అనాప్లాస్మా మార్జినేల్ అనే బ్యాక్టీరియా ఎర్ర కణం అంచున చుక్కలా కనిపిస్తుంది, కుక్కల్లోలా కాకుండా ఆవులో జబ్బు ముదిరినప్పుడు స్లైడ్ మీదే బాగా దొరుకుతుంది. థైలీరియా, బాబీసియా కూడా అదే స్లైడ్‌లో చూడొచ్చు, అవి పరాన్నజీవులు, మందులు వేరు. సంచార పశువైద్య వాహనం కోసం 1962కి ఫోన్ చేయొచ్చు. జిల్లా దాటి వెళ్ళగలిగితే గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది.

ఇక చివరగా ఇంటి విషయం. కుక్కకి పాజిటివ్ వచ్చిందంటే ఇంట్లో ఆ రక్తం తాగిన పిడుదులు ఇంకా ఉండొచ్చని అర్థం. రక్తం దొరక్కపోయినా పెద్ద పిడుదు నెలల తరబడి గోడ పగులులో బతకగలదు. అందుకే కుక్కకి డాక్టర్ చెప్పిన పిడుదుల మాత్రో, చుక్కల మందో ఆపకుండా వాడుతూనే, పడుకునే గుడ్డలు వేడినీళ్ళలో ఉతికి, గోడ పగుళ్ళు సిమెంటుతో మూయించి, ఇంట్లో ఉన్న మిగతా కుక్కలన్నిటికీ, లక్షణాలు ఉన్నా లేకపోయినా, సీబీసీ చేయించండి.